థాయ్‌లాండ్‌లోకి నేల మీదుగా మళ్లీ రావాలంటే: ఏడాదికి 2 ఎంట్రీల లెక్క

నాంగ్ ఖాయ్ దగ్గర మెకాంగ్ నది వంతెన దాటి లావోస్ వెళ్లేటప్పుడు థాయ్ అధికారి ఎగ్జిట్ స్టాంపు కొట్టి పాస్‌పోర్టు చేతిలో పెట్టేస్తాడు. ఈ ఏడాది మీరు నేల మీదుగా ఎన్నిసార్లు వచ్చారో, మళ్లీ రానిస్తారో లేదో ఆయన చెప్పడు. అది ఆయన పని కాదు. ఆ ప్రశ్న తిరిగొచ్చేటప్పుడు, అరైవల్ కౌంటర్లో ఎదురవుతుంది. అప్పటికి లావోస్ వాళ్లు కూడా ఎగ్జిట్ స్టాంపు కొట్టేసి ఉంటారు. మీ దగ్గరున్న లావోస్ వీసా ఒక్క ఎంట్రీకే పనికొచ్చేది కాబట్టి అదీ ఖర్చయిపోయి ఉంటుంది. ఇటు రానివ్వరు, అటు వెళ్లాలంటే కొత్త వీసా కొనుక్కోవాలి.

అందుకే ఈ లెక్కంతా థాయ్‌లాండ్ నుంచి బయటికి అడుగు పెట్టకముందే తేల్చుకోవాలి. కింద చెప్పినవి భారత పాస్‌పోర్టుతో, వీసా లేకుండా, టూరిస్టుగా తిరిగేవాళ్ల కోసం.

అసలు నిబంధన

వీసా మినహాయింపు మీద థాయ్‌లాండ్‌లోకి నేల సరిహద్దుల గుండా వచ్చేవాళ్లకు ఒక క్యాలెండర్ సంవత్సరంలో 2 ఎంట్రీలే అన్న పరిమితి 2016 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు చాలామంది విదేశీయులు పొద్దున సరిహద్దు దాటి, అవతల టీ తాగి, మధ్యాహ్నానికి కొత్త స్టాంపుతో తిరిగొచ్చి, అలా నెలల తరబడి ఉండిపోయేవాళ్లు. దాన్నే బోర్డర్ రన్ అంటారు. దానికి కళ్లెం వేయడానికి పుట్టిన నిబంధన ఇది.

అప్పట్లో భారతీయులకు ఈ గొడవే లేదు. మనకు వీసా మినహాయింపు ఉంటే కదా, పరిమితి తగలడానికి. 2023 నవంబరు 10 నుంచి మనవాళ్లకు 30 రోజుల మినహాయింపు తాత్కాలికంగా ఇచ్చారు. 2024 జులై 15న 93 దేశాల జాబితాలో భారత్‌ను చేర్చి 60 రోజులు చేశారు. దాంతో పాటే నేల దారి పరిమితి కూడా మనకు అంటుకుంది. 60 రోజుల మాట అందరికీ చేరింది గానీ, దాని వెనకాల వచ్చిన 2 సార్ల మాట చాలామంది చెవిన పడలేదు.

60ని తగ్గించాలన్న చర్చ థాయ్ ప్రభుత్వంలో నడుస్తూనే ఉంది. కాబట్టి బయల్దేరే వారంలో థాయ్ ఎంబసీ సైటు ఒకసారి చూడండి. కింద లెక్కలన్నీ 60 మీద వేసినవే. ఆ సంఖ్య మారితే 60 ఉన్నచోట కొత్తది పెట్టుకోండి, లెక్క పద్ధతి అదే.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే.

లెక్కపెట్టేది లోపలికి రావడాన్ని. బయటికి వెళ్లడాన్ని కాదు. బస్సులో లావోస్ వెళ్లి వియంటియాన్ నుంచి విమానంలో బ్యాంకాక్ వచ్చారనుకోండి, నేల ఎంట్రీ సున్నా. విమానంలో కౌలాలంపూర్ వెళ్లి రైల్లో తిరిగొస్తే ఒకటి.

రైలు కూడా నేల దారే. బ్యాంకాక్ నుంచి మలేషియా సరిహద్దులోని పదాంగ్ బెసార్ వెళ్లి వచ్చే రైలైనా, 2024 జులైలో మొదలైన బ్యాంకాక్–వియంటియాన్ రైలైనా అంతే. టికెట్ ఖరీదైనదైనంత మాత్రాన, ఏసీ బెర్తు అయినంత మాత్రాన అది ఎయిర్‌పోర్టు ఎంట్రీ అయిపోదు.

పడవ సంగతి. మలేషియా లంకావి దీవి నుంచి సతున్ రేవుకో, సీజన్లో కో లిపె దీవికో పడవల్లో వస్తారు. సముద్ర మార్గాన్నీ ఈ 2లోనే కలిపి చూస్తారనుకుని ప్లాన్ వేసుకోవాలి. ‘నేల అన్నారు గానీ నీళ్లు అనలేదుగా’ అని కౌంటర్ దగ్గర వాదన పెట్టుకుంటే నష్టపోయేది మీరే.

విమాన ప్రయాణానికి 2 సార్లన్న అంకె ఈ నిబంధనలో లేదు. అలాగని ఎన్నిసార్లైనా సరే అనుకోవద్దు. సరైన కారణం చూపకుండా రెండుకు మించి వీసా రన్‌లు (కొత్త రోజుల కోసమే బయటికి వెళ్లి రావడం) చేసినవాళ్లను వెనక్కి పంపుతామని థాయ్ ఇమ్మిగ్రేషన్ బ్యూరో 2025 నవంబరులో ప్రకటించింది. ఆ హెచ్చరిక ఎయిర్‌పోర్టులకూ వర్తిస్తుంది. తేడా ఒక్కటే: నేల దారిలో మూడోసారికి అంకె అడ్డొస్తుంది, గాలి దారిలో అధికారి అనుమానం అడ్డొస్తుంది.

వీసా తీసుకుని వచ్చిన ఎంట్రీ దీనిలో కలవదు. స్టాంపు పడ్డది టూరిస్ట్ వీసా మీదా, మినహాయింపు మీదా అన్నది చూస్తారు.

ఇక సంవత్సరం అంటే జనవరి 1 నుంచి డిసెంబరు 31. మొదటి ఎంట్రీ నుంచి 12 నెలలు కాదు. యూరప్ వెళ్లినవాళ్లకు అక్కడి షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజులు చూసినా 90 మించకూడదన్న, రోజురోజుకూ ముందుకు జరిగే లెక్క అలవాటై ఉంటుంది, దాన్ని ఇక్కడికి మోసుకురావద్దు. డిసెంబరు 29న నేల మీదుగా వస్తే అది పాత ఏడాది ఖాతా. జనవరి 2న వస్తే కొత్త ఖాతాలో మొదటిది. ఏడాది చివర్లో ఒక్క నాలుగు రోజులు అవతల ఆగి వస్తే ఒక ఎంట్రీ మిగులుతుందన్నమాట.

పాస్‌పోర్టు మారిస్తే లెక్క చెరిగిపోతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. థాయ్ కౌంటర్లో ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. పుస్తకం కొత్తదైనా వేళ్లు పాతవే కదా.

మలేషియా పౌరులకు ఈ పరిమితి లేదు. మీ పక్కనున్న మలేషియా మిత్రుడు వారం వారం దక్షిణ థాయ్‌లాండ్‌లోని హత్ యాయ్ వచ్చి వెళ్తున్నాడంటే అది ఆయన పాస్‌పోర్టు మహిమ.

మొదటి పని: పాస్‌పోర్టు ముందేసుకుని లెక్క

ఒక కాగితం, పెన్ను తీసుకోండి. పావుగంట పని.

1. ఈ ఏడాది జనవరి 1 తర్వాత పడిన థాయ్ అరైవల్ స్టాంపులన్నీ వెతకండి. పేజీల వరుసను నమ్మొద్దు, అధికారులు ఖాళీ కనపడ్డచోట కొడతారు. చివరి పేజీలు కూడా తిరగేయండి.

2. ప్రతి స్టాంపులో చెక్‌పోస్టు పేరు ఉంటుంది. సువర్ణభూమి, డాన్ మువాంగ్, ఫుకెట్ లాంటి ఎయిర్‌పోర్టు పేరైతే పక్కన పెట్టండి. నాంగ్ ఖాయ్, చియాంగ్ ఖాంగ్, సదావ్, పదాంగ్ బెసార్ లాంటివైతే కాగితం మీద ఒక గీత.

3. గీత పెట్టిన ప్రతి ఎంట్రీ ఏ రకం మీద పడిందో చూడండి. వీసా మీద పడినవి కొట్టేయండి.

4. మిగిలిన గీతలు 0 లేదా 1 అయితే నేల దారి తెరిచే ఉంది. 2 ఉంటే డిసెంబరు 31 దాకా వీసా లేకుండా నేల మీదుగా రావడం మర్చిపోండి.

5. పిల్లలు ఉంటే వాళ్ల పాస్‌పోర్టులు కూడా విడివిడిగా చూడండి. తండ్రికి ఒక గీత, మధ్యలో తల్లితో లంకావి వెళ్లొచ్చిన పిల్లాడికి రెండు గీతలు ఉండొచ్చు. కుటుంబానికి ఒకే లెక్క ఉండదు.

ఎయిర్‌పోర్టుల్లో బయటికి వెళ్లేటప్పుడు ఆటోమేటిక్ గేటు గుండా వెళ్తే ఎగ్జిట్ స్టాంపు పడకపోవచ్చు. కంగారు పడక్కర్లేదు, కంప్యూటర్లో ఉంటుంది. కాకపోతే మీ పాత ప్రయాణాల తేదీలు మీకే గుర్తుండవు, బోర్డింగ్ పాస్ ఫొటోలు దాచుకోండి. కౌంటర్లో అధికారి ‘పోయినసారి ఎప్పుడు వెళ్లారు?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పొచ్చు.

రోజుల లెక్క వేరే

ఎన్నిసార్లు అన్నది ఒక ఖాతా, ఎన్నాళ్లు అన్నది ఇంకో ఖాతా. రెండూ కలిపేసుకుంటే చిక్కు.

వచ్చిన రోజే 1వ రోజు. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు దిగినా అది ఒక రోజు కిందే లెక్క. జనవరి 10న దిగితే జనవరిలో 22 రోజులు, ఫిబ్రవరిలో 28, మొత్తం 50, మార్చి 10తో 60 పూర్తి. మార్చి 10 రాత్రిలోపు దేశం దాటి ఉండాలి. లీపు సంవత్సరమైతే మార్చి 9. వచ్చిన రోజు లెక్కలోకి రాదనుకుని మార్చి 11కి టికెట్ కొన్నవాళ్లు ఒక రోజు జరిమానా కట్టాల్సి రావొచ్చు.

మీ లెక్క ఏదైనా, స్టాంపులో రాసిన చివరి తేదీదే చివరి మాట. పాస్‌పోర్టు చేతికొచ్చిన వెంటనే, కౌంటర్ వదలకముందే ఆ తేదీ చదవండి. 60 రావాల్సిన చోట 30 పడితే అక్కడికక్కడే మర్యాదగా చూపించి దిద్దించుకోవాలి. వంతెన దిగి హోటల్‌కి చేరాక గమనిస్తే ఇమ్మిగ్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాలి.

దేశం దాటిన మరుక్షణం పాత స్టాంపులో మిగిలిన రోజులన్నీ పోతాయి. 15 రోజులు ఉండి, ఇంకా 45 మిగిలుండగా, ‘వియంటియాన్ దగ్గరే కదా, ఒక్కరోజు చూసొద్దాం’ అని వెళ్లారనుకోండి. తిరిగొస్తే కొత్తగా 60 వస్తాయి, నిజమే. కానీ దానికి ఒక నేల ఎంట్రీ ఖర్చయింది. ఆ ట్రిప్పు పాత స్టాంపు చివరి వారంలో పెట్టుకుని ఉంటే అదే ఎంట్రీతో రెండు పనులూ అయ్యేవి. ఉన్నవి రెండే ఎంట్రీలు, వాటిని పిసినారిలా వాడాలి.

ఎటు దాటాలి

లావోస్ వైపు మెకాంగ్ మీద వంతెనలున్నాయి. మొదటిది నాంగ్ ఖాయ్ నుంచి వియంటియాన్‌కి, 1994లో తెరిచారు. ముక్దాహాన్–సవన్నాఖేత్, నఖోన్ ఫనోమ్–థాఖెక్, చియాంగ్ ఖాంగ్–హువాయ్‌సాయ్ వంతెనలు తర్వాత వచ్చాయి. ఉబోన్ రాచథాని దగ్గర చోంగ్ మెక్‌లో నది అడ్డులేదు, నడుచుకుంటూ దాటొచ్చు. మొదటి వంతెన మీద మాత్రం నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది.

భారత పాస్‌పోర్టుకు లావోస్‌లో వీసా కావాలి. వంతెన దగ్గర వీసా ఆన్ అరైవల్ ఇస్తారు, లేదా ముందే ఈ-వీసా తీసుకోవచ్చు. ఈ-వీసా అన్ని చెక్‌పోస్టుల్లో చెల్లదు. దరఖాస్తులో ఏ చెక్‌పోస్టు ఎంచుకోనిస్తుందో చూసి దాని ప్రకారమే దారి పెట్టుకోండి. వీసా ఆన్ అరైవల్‌కి ఒక ఫొటో, చిరుగులూ గీతలూ లేని డాలరు నోట్లు పట్టుకెళ్లండి. థాయ్ కరెన్సీ అయిన బాట్‌లలో కూడా తీసుకుంటారు గానీ వాళ్లు వేసే మారకం రేటు మీకు గిట్టదు. ఉదోన్ థాని, నాంగ్ ఖాయ్‌ల నుంచి వియంటియాన్ వెళ్లే అంతర్జాతీయ బస్సుల్లో టికెట్ ఇచ్చే ముందే లావోస్ వీసా ఉందా అని అడగొచ్చు. వీసా ఆన్ అరైవల్ వరుసలో మీరు నిలబడితే బస్సంతా మీ కోసం ఆగాలి, అందుకని. లేనివాళ్లు వంతెన దాకా టుక్‌టుక్‌లో వెళ్లి షటిల్ పట్టుకోవడం మేలు.

పాస్‌పోర్టు పేజీలు కూడా ముందే లెక్కపెట్టుకోండి. లావోస్ స్టిక్కర్ ఒక పూర్తి పేజీ తినేస్తుంది. దానికి వాళ్ల ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపులు, మళ్లీ థాయ్ స్టాంపులు రెండు. ఒక్కో లావోస్ ట్రిప్పుకు రెండు పేజీలు పోయినట్టే. రెండే ఖాళీ పేజీలతో బయల్దేరొద్దు.

మలేషియా వైపు పని సులువు. భారతీయులకు 30 రోజుల వీసా మినహాయింపు 2023 డిసెంబరు 1న మొదలైంది, 2026 డిసెంబరు 31 దాకా పొడిగించారు. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. బస్సులు, కార్లు ఎక్కువగా సదావ్–బుకిత్ కాయు హితమ్ గుండా వెళ్తాయి. పదాంగ్ బెసార్ రైల్వే స్టేషన్‌లో థాయ్, మలేషియా కౌంటర్లు రెండూ ఒకే భవనంలో ఉంటాయి. ఒక కౌంటర్లో ఎగ్జిట్, నాలుగడుగులు వేస్తే ఇంకో కౌంటర్లో ఎంట్రీ. గడియారం మాత్రం మర్చిపోవద్దు: మలేషియా టైము థాయ్ కంటే ఒక గంట ముందుంటుంది. మలేషియా వైపు బోర్డు మీద మూసే సమయం రాత్రి 10 అని ఉంటే థాయ్ గడియారంలో అది 9.

పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం రెండు వైపులా అనుమానం పుట్టించే పని. అవతల కనీసం ఒకటి రెండు రాత్రులు ఉండి, హోటల్ రసీదుతో రండి. ఎలాగూ పెనాంగ్ దాకా వెళ్లాక తిరక్కుండా రావడం దండగే.

కంబోడియా వైపు 2025 జూన్, జులైలలో ఘర్షణల వల్ల నేల సరిహద్దులు మూసేశారు. తెరిచినట్టు అధికారికంగా చూసుకోకుండా ఆ సరిహద్దు ఊరు ఆరణ్యప్రథేట్‌కి బస్సు ఎక్కొద్దు. మయన్మార్ దారిని బోర్డర్ రన్ కోసం లెక్కలోకే తీసుకోవద్దు.

ఇంకో మాట. మ్యాపులో కనిపించే ప్రతి సరిహద్దు గేటూ విదేశీయులకు కాదు. కొన్ని అక్కడి ఊళ్లవాళ్లు బోర్డర్ పాస్‌తో దాటడానికి మాత్రమే. ‘అంతర్జాతీయ శాశ్వత చెక్‌పోస్టు’ అని ఉన్నవే మనకు పనికొస్తాయి.

తిరిగొచ్చే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి. విమానంలో వచ్చినా, బస్సులో వచ్చినా నింపాలి. చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫీజు లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, బయటికొచ్చేయండి. ప్రతి ఎంట్రీకి కొత్తది కావాలి. బ్యాంకాక్‌లో దిగినప్పుడు నింపినదే వంతెన దగ్గర చూపిస్తే కుదరదు. ప్రయాణ మార్గం అన్నచోట ‘ల్యాండ్’ ఎంచుకోండి. పాస్‌పోర్టు నంబరులో సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి. వియంటియాన్‌లో హోటల్ వైఫై ఉండగానే నింపి స్క్రీన్‌షాట్ తీసుకోవడం తెలివైన పని, వంతెన మధ్యలో ఫోను ఏ దేశం టవర్ పట్టుకుంటుందో దానికే తెలియదు.

నగదు. మనిషికి 20,000 బాట్, లేదా అంతే విలువైన డాలర్లు చేతిలో ఉంటే ఏ చెక్‌పోస్టులో ఎలా అడిగినా సరిపోతుంది. ఇది నోట్ల రూపంలో ఉండాలి. ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి చూపిస్తే తలాడించే అధికారి ఉంటాడు, తల అడ్డంగా ఊపే అధికారీ ఉంటాడు. అందరినీ అడగరు. కానీ రెండో నేల ఎంట్రీకి వచ్చేవాళ్లను అడిగే అవకాశం ఎక్కువ.

60 రోజుల్లోపు థాయ్‌లాండ్ వదిలి వెళ్లే టికెట్, మొదటి కొన్ని రాత్రుల హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. లావోస్ నుంచి వస్తుంటే ఇంకో లావోస్ వీసాకు సరిపడా డాలర్లు, ఒక ఫొటో పర్సులో విడిగా దాచండి. అవి ఎందుకో ముందు ముందు చెప్తాను.

కౌంటర్ దగ్గర

అధికారి ముందు స్క్రీన్ మీద మీ పాత ఎంట్రీలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆయన పేజీలు తిప్పుతున్నాడంటే స్టాంపులు వెతుకుతున్నాడని కాదు, చాలాసార్లు ఖాళీ జాగా కోసమే. ప్రశ్నలు మామూలే: ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఎన్నాళ్లు, తిరిగి ఎప్పుడు. చిన్నగా, నిజం చెప్పండి. ‘చియాంగ్ మాయ్‌లో 12 రోజులు, తర్వాత 28న ఇంటికి విమానం’ అని టికెట్ చూపిస్తే సంభాషణ అక్కడితో ఆగుతుంది. ‘ఇంకా అనుకోలేదు, చూడాలి’ అంటే అక్కడ మొదలవుతుంది.

లాప్‌టాప్ ముందు కూర్చుని మన కంపెనీకి పని చేసుకుంటూ నెలల తరబడి ఉండేవాళ్లకు టూరిస్ట్ మినహాయింపు సరైన చెప్పు కాదు, ఎక్కడో ఒకచోట కరుస్తుంది. వాళ్ల కోసం వేరే వీసా ఉంది, కింద చూడండి.

వెనక్కి పంపితే

మూడో నేల ఎంట్రీ అని తేలితే బతిమాలినా, నోటు చూపించినా లాభం లేదు. రెండోది నేరం కూడా. ముందు ఒక సంగతి కనుక్కోండి: ఊరికే వెనక్కి వెళ్లమన్నారా, లేక 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం సెక్షన్ 12 కింద నిరాకరించినట్టు స్టాంపు కొట్టారా. సరిపడా డబ్బు లేదు, పని చేయడానికి వస్తున్నారు లాంటి కారణాలు ఈ సెక్షన్‌లోవి. ఆ స్టాంపు పడితే తర్వాతి ప్రతి కౌంటర్లోనూ దాని గురించి సమాధానం చెప్పాల్సి వస్తుంది.

తర్వాత అవతలి దేశం కౌంటర్‌కి వెళ్లి విషయం చెప్పండి. ఇందాక కొట్టిన ఎగ్జిట్ స్టాంపు రద్దు చేయగలరేమో అడగండి. కుదరకపోతే కొత్త వీసా ఆన్ అరైవల్ తీసుకోవాలి. పర్సులో విడిగా దాచమన్న డాలర్లు, ఫొటో ఇందుకే. రాత్రి 9.30కి ఈ పరిస్థితి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సరిహద్దు మధ్యాహ్నంలోపు దాటమని చెప్పేది అందుకే.

అదే రోజు ఇంకో వంతెన దగ్గర ప్రయత్నిద్దాం అనుకోవద్దు. కంప్యూటర్ ఒక్కటే. దారి మారదు, ఒక రోజు బస్సు ప్రయాణం మాత్రం మిగులుతుంది.

రెండూ అయిపోయాక ఉన్న దారులు

విమానం. వియంటియాన్ నుంచో, పెనాంగ్ లేదా కౌలాలంపూర్ నుంచో బ్యాంకాక్ వచ్చేయండి. అంకె అడ్డు రాదు. పైన చెప్పిన టికెట్, నగదు, హోటల్ కాగితాలు అన్నీ ఇక్కడా ఉండాలి.

బయటికి వెళ్లకుండా పొడిగింపు. 60 రోజులు చాలకపోతే సరిహద్దు దాకా పోనక్కర్లేదు. గడువు ముగిసేలోపు మీరున్న ప్రాంతపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి టీఎం-7 ఫారం నింపాలి. బ్యాంకాక్‌లో అయితే చేంగ్ వత్తనలోని ప్రభుత్వ సముదాయం. 4×6 సెం.మీ. ఫొటో, పాస్‌పోర్టు ఫొటో పేజీ, స్టాంపు పేజీ జిరాక్సులు, సంతకాలతో. ఇంటి యజమాని లేదా హోటల్ మీ బస వివరం నమోదు చేసిన టీఎం-30 రసీదు అడిగే ఆఫీసులున్నాయి. చిన్న గెస్ట్‌హౌస్‌లలో ఇది చేయకుండా వదిలేస్తుంటారు, దిగిన రోజే అడిగి తీసుకోండి. ఫీజు 1,900 బాట్. 30 రోజుల దాకా ఇవ్వొచ్చు, ఇవ్వకపోతే వెళ్లిపోవడానికి 7 రోజులు ఇస్తారు. ఏది ఇచ్చినా డబ్బు వెనక్కి రాదు. పొడిగింపు తీసుకున్నాక దేశం దాటితే ఆ రోజులు కూడా పోతాయి, ముందు లావోస్ ట్రిప్పు చేసి తర్వాత పొడిగించుకోండి గానీ తలకిందులుగా కాదు.

టూరిస్ట్ వీసా. సింగిల్ ఎంట్రీ తీసుకుంటే 60 రోజులు, నేల మీదుగా వచ్చినా ఈ 2లో పడదు. థాయ్ ఈ-వీసా పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, దరఖాస్తు చేసే దేశంలోనే మీరు ఉండాలి. లావోస్‌లో ఉండి భారత్‌లోని ఎంబసీని ఎంచుకుంటే తిరస్కరిస్తారు. చేతిలో కనీసం వారం ఉంచుకోండి. ఈ వీసాతో వచ్చాక మధ్యలో లావోస్ చూసి రావాలనిపిస్తే, బయటికి వెళ్లే ముందు టీఎం-8 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి 1,000 బాట్, ఎన్నిసార్లైనా అయితే 3,800. తిరిగొచ్చాక పాత గడువు తేదీయే కొనసాగుతుంది, కొత్త రోజులు రావు. పర్మిట్ లేకుండా దాటితే సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో చచ్చినట్టే.

సరిహద్దు ఎక్కువసార్లు దాటేవాళ్లకు, ఆన్‌లైన్ పని చేసుకునేవాళ్లకు డీటీవీ అనే ఐదేళ్ల వీసా 2024 జులైలో వచ్చింది. ఒక్కో ఎంట్రీకి 180 రోజులు, ఎన్నిసార్లైనా రావొచ్చు. బ్యాంకులో 5 లక్షల బాట్ చూపించాలి. దరఖాస్తు థాయ్‌లాండ్ బయట ఉండే చేయాలి.

గడువు దాటితే

రోజుకు 500 బాట్ జరిమానా, గరిష్ఠంగా 20,000. నేల సరిహద్దులోనూ అక్కడే కట్టించుకుంటారు, రసీదు తీసుకోండి. 90 రోజులు దాటి మీ అంతట మీరే వెళ్లి లొంగిపోతే ఏడాది పాటు రానివ్వరు. ఏడాది దాటితే 3 ఏళ్లు, 3 దాటితే 5, 5 దాటితే 10. దారిలో పోలీసులకు దొరికిపోతే లెక్క వేరు: ఏడాదిలోపు ఓవర్‌స్టేకి కూడా 5 ఏళ్ల నిషేధం, అంతకు మించితే 10. నాలుగు రోజుల ఓవర్‌స్టే అయినా సరే, చెక్‌పోస్టుకు మీరు నడిచి వెళ్లడానికీ, వాళ్లు మిమ్మల్ని పట్టుకోవడానికీ మధ్య తేడా 2,000 బాట్ జరిమానాకీ 5 ఏళ్ల నిషేధానికీ ఉన్నంత.